పెద్ద అంకెకు ఆకుపచ్చ రంగు

మామూలు కారు పునాది మీద జీపు ఆకారాన్ని నిలబెట్టి అమ్మవచ్చునని 1994లో టయోటావారు ఆర్‌ఏవీ4తోను, ఆ మరుసటి ఏడాది హోండావారు సీఆర్‌వీతోను నిరూపించారు. ఆ తోవలోనే ఇంకా పొట్టివైన కాంపాక్ట్ ఎస్‌యూవీలు పుట్టుకొచ్చాయి. బ్రోచర్లలో వీటిని కొండ శిఖరం మీద నిలబెట్టి ఫొటో తీస్తారు గాని, వీటిలో ఎక్కువ భాగం ముందు చక్రాల బలంతోనే నడిచేవి కనుక, ఆ బండి శిఖరానికి తనంతట తానే ఎక్కిందా, ఎవరైనా ఎక్కించారా అన్నది విచారించదగిన విషయం. అది అలా ఉంచితే, పొడవు, ఎత్తు, ఇంజను పరిమాణం అన్నీ ఇంచుమించు ఒక్కటిగానే ఉండే ఇటువంటి బండ్లను రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చమంటే, తేల్చవలసినవారికి తేడాలు కనిపించవు. తేడాలు కనిపించనిదే ఇంట్లో ఏకాభిప్రాయం కుదరదు. అందుచేత తేడాలను మనమే తయారు చేసుకోవలసి వస్తుంది. మా ఇంట ఆ తయారీ బాధ్యతను మా బావమరిది తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు.

తెల్లది ఒకటి, నీలిది ఒకటి, రెండు బండ్ల దగ్గర మా ఎంపిక ఆగింది. బావమరిది ఎక్సెల్‌లో ఒక పట్టిక గీసి, రెండింటి వివరాలను ఎదురెదురు గడుల్లో నింపి, ఏ గడిలో అంకె పెద్దదైతే ఆ గడికి ఆకుపచ్చ రంగు, చిన్నదైతే ఎరుపు రంగు వాటంతట అవే పడేటట్లు ఏర్పాటు చేశాడు. అంకెల పక్కన అక్షరాలుంటే సూత్రం పనిచేయడం లేదని లీటర్లు, మీటర్లు, కిలోలు, సెకన్లు మొదలైన అనవసరపు తోకలన్నింటినీ కత్తిరించి పారేశాడు. మిగిలినవి శుద్ధమైన అంకెలు. ఆ పట్టిక సిద్ధమైన సాయంత్రం తెల్లబండి నిలువు వరుస పచ్చని వరిచేను వలె కళకళలాడుతూ ఉండగా, నీలిబండి వరుస ఇంచుమించు మొత్తం ఎర్రగా కనబడింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నీలిబండి తయారీదారు శక్తిని కిలోవాట్లలోను, ఇంధన వినియోగాన్ని వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లన్న లెక్కలోను ఇస్తే, తెల్లబండి తయారీదారు శక్తిని పీఎస్‌లనే గుర్రపు బలాల్లోను, మైలేజీని లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కలోను ఇచ్చాడు. పట్టికలో ఒకవైపు 115, రెండవవైపు 85 కనిపించేసరికి నీలిబండి ఎక్కుడు దారిలో ఆగిపోతుందని బావమరిది తీర్పు చెప్పేశాడు. ఒక పీఎస్ అంటే 735.5 వాట్లు కనుక 85 కిలోవాట్లన్నా 115 పీఎస్‌లన్నా ఇంచుమించు ఒకటేనని నేను చెప్పబోతే, “మీకు ఎక్సెల్ అలవాటు లేదు బావగారూ” అని ఆదరంగా నోరు మూయించాడు. యంత్రాల శక్తిని గుర్రాలతో పోల్చి చెప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు జేమ్స్ వాటేననీ, వాట్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఆయన వల్లనేననీ, కాబట్టి ఆ రెండు గడుల్లోనూ దెబ్బలాడుకుంటున్నది ఒకే మనిషి అనీ మా నాన్నగారు పత్రిక మీద నుంచి తల ఎత్తకుండానే సెలవిచ్చారు. ఆ మాటను పట్టికలో ఎక్కించడానికి వేరే వరుస లేకపోయింది.

మైలేజీ గడిలో తెల్లబండికి 18, నీలిబండికి 5.5 ఉన్నాయి. వందను 5.5తో భాగిస్తే 18 చిల్లర వస్తుంది. అంటే ఇక్కడా రెండూ సమానమే. కాని ఆ 5.5ను చూసి మా శ్రీమతి నిజంగానే దిగులుపడింది. “ఏమండీ, లీటరుకు అయిదున్నర కిలోమీటర్లే వస్తే ఇక ఊళ్లేం తిరుగుతాం?” అని ఆమె అడగడంలో తప్పేమీ లేదు, తోకలు కత్తిరించినవాడిది తప్పు. ఆ మాటకు వస్తే ఈ మైలేజీ అంకెలను నమ్ముకుని దిగులుపడడం గాని, ఉప్పొంగడం గాని అనవసరమని నా అభిప్రాయం. డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ పరీక్షనే తీసుకుంటే, అది ప్రయోగశాలలో రోలర్ల మీద అరగంట పాటు, 23 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఏసీ వేయకుండా జరుగుతుంది. మా బావమరిది పాదం ఆక్సిలరేటర్ మీద పడిన తరువాత ఏ బండి ఎంత తాగుతుందో చెప్పగల ప్రయోగశాల ఇంకా ఎక్కడా వెలిసినట్లు లేదు.

మలుపు సంగతి మరీ విచిత్రం. తెల్లబండివారు బండి గుండ్రంగా తిరిగే వృత్తం వ్యాసాన్ని 10.4 అని రాస్తే, నీలిబండివారు దాని వ్యాసార్ధాన్ని 5.2 అని రాశారు. రెండూ అదే వృత్తం. ఒకవేళ నిజంగానే ఒకటి 5.2, మరొకటి 10.4 అయినా, ఇరుకు సందులో మలుపుకోవడానికి చిన్న అంకె కలదే మేలు కదా! అయినా పట్టిక 10.4కే ఆకుపచ్చ వేసింది. వంద కిలోమీటర్ల వేగాన్ని 10.6 సెకన్లలో అందుకునే నీలిబండికి ఎరుపు, 11.8 సెకన్లు తీసుకునే తెల్లబండికి ఆకుపచ్చ. బరువెక్కువ ఉన్నందుకు ఆకుపచ్చ. చక్రాలు 16 అంగుళాలవి కాక 18 అంగుళాలవైనందుకు ఇంకా ముదురు ఆకుపచ్చ. బండిని గుద్దించి చూసే పరీక్షలో ఇచ్చే భద్రతా నక్షత్రాలు మాత్రం పాపం రెండింటికీ అయిదేసి ఉండడం వల్ల ఆ గడులు రంగు లేకుండా తెల్లముఖం వేసుకుని ఉండిపోయాయి. ఆ నక్షత్రాలు ఏ సంవత్సరపు పరీక్షలో వచ్చాయో చూడవలసిన అవసరం ఉంది. పరీక్ష నియమాలు కొన్నేళ్ళకోసారి కఠినమవుతూ వస్తున్నందువల్ల పాత అయిదు, కొత్త అయిదు ఒకటి కావు. ఈ సంగతిని నేను పైకి అనలేదు, అంటే మళ్ళీ ఒక వరుస పెరుగుతుందని భయపడి.

రంగుల్లో తెల్లబండి గెలిచినందువల్ల షోరూమ్‌కు వెళ్ళడం కేవలం లాంఛనమని బావమరిది అన్నాడు. అందరం వెళ్ళాము. ముందుగా అమ్మను ఎక్కించాము. మోకాళ్ళ నొప్పులున్నవారు బండి ఎక్కే తీరే వేరు. ముందు సీటు అంచున అడ్డంగా కూర్చుని, పై పట్టీని ఒక చేత్తో పట్టుకుని, ఒక్కొక్క కాలినే రెండో చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటారు. తెల్లబండి గడప ఎత్తుగా, వెడల్పుగా ఉండడంతో అమ్మ చీర కుచ్చెళ్ళు దానికి రాసుకుని మట్టి అంటింది. నీలిబండిలో సీటు సరిగ్గా నడుము ఎత్తున ఉండి, గడప లోపలికి ఒదిగి ఉండడంతో కూర్చుని, కాళ్ళు తిప్పి, తలుపు తానే వేసుకుంది. తలుపు వేసుకోవడానికి పట్టికలో గడి లేదు. తరువాత టెస్ట్ డ్రైవ్‌లో తెల్లబండి 18 అంగుళాల చక్రాల మీద కొంత దూరం పోగానే, “ఈ బండికి దారిలో ఉన్న ప్రతి రాయీ తెలుస్తున్నట్టుందిరా” అంది అమ్మ. చక్రం పెద్దదైనకొద్దీ దానికి తొడిగే టైరు గోడ పలచబడుతుందనీ, కుదుపును మింగవలసినది ఆ గోడేననీ ఆమె ఎక్కడా చదవలేదు, నడుము చెప్పింది. సన్‌రూఫ్ చట్రం లోకప్పును కొంత కిందికి దించడం వల్ల పొడగరి అయిన మా బావమరిది దారి పొడవునా తలను ఒక పక్కకు వాల్చి, ఏదో రాగాన్ని ఆస్వాదిస్తున్నవాడిలా కూర్చున్నాడు.

ఇక డిక్కీ వంతు వచ్చింది. తెల్లబండికి 430, నీలిబండికి 380 అని పట్టికలో ఉంది. వీడీఏ అనే జర్మన్ వాహన పరిశ్రమ సంఘం పద్ధతిలో 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం గల లీటరు దిమ్మలను డిక్కీలో పేర్చి, ఎన్ని పడితే అన్ని లీటర్లుగా లెక్క కడతారు. మా ఇంటి సూట్‌కేసు అటువంటి దిమ్మలుగా విడిపోయే రకం కాదు. 430 లీటర్ల డిక్కీకి మూతి ఇరుకు, లోపల చక్రాల గుబ్బలు పెద్దవి. సూట్‌కేసు నిలువుగా పట్టదు, అడ్డంగా దూరదు. లీటర్ల మీద నమ్మకం చావని బావమరిది, లోపలి కొలతలు స్వయంగా తీస్తానని సేల్స్ కుర్రాడి దగ్గర తాళం అడిగి పుచ్చుకుని, దానిని ప్యాంటు వెనుక జేబులో వేసుకుని, టేపు పట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి డిక్కీలో ఇమిడాడు. మావయ్య పూర్తిగా పడితేనే డిక్కీ పట్టినట్లని భావించిన మా అమ్మాయి తలుపు మీద ఉన్న మీట నొక్కింది. తలుపు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా దిగి మూసుకుంది. ఆ కంగారులో అతడు వెనక్కి జరగడం, జేబులోని తాళం మీట నొక్కుకుపోవడం, నాలుగు తలుపులూ టక్కుమని బిగుసుకోవడం ఒక్కసారే జరిగాయి.

అద్దంలోంచి చేతులు ఊపుతూ అతడు ఏదో చెబుతున్నాడు. క్యాబిన్‌లోకి బయటి శబ్దం రాదన్న గొప్పను కూడా పట్టికలో చేర్చి ఉన్నాడు కనుక, లోపలి శబ్దం కూడా బయటికి రాలేదు. “తాళం నొక్కరా!” అని మా శ్రీమతి, “కంగారుపడకు బాబూ” అని అమ్మ, “సార్, వెనుక సీటు మీద నుంచి రండి సార్” అని సేల్స్ కుర్రాడు తలా ఒక సలహా కేకవేశారు. తాళం మీదనే కూర్చుని ఉన్నవాడు తాళం తీయలేడు కనుక, మూడవ సలహా ప్రకారం వెనుక సీటు వీపు మీదుగా పాకి, తలకిందులుగా సీటులోకి జారి, కుడి తలుపు పిడి లాగాడు. అది రాలేదు. ఎడమది లాగాడు. అదీ రాలేదు. వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది. అక్కడి నుంచి ముందు సీట్ల నడుమ సందులో దూరి, గేరు పుల్ల పొట్టకు గుచ్చుకోగా ఒకసారి ఆగి, చివరికి డ్రైవరు తలుపు తెరిచాడు. బయటి నుంచి తాళం పడిన బండిని లోపలి నుంచి తెరిస్తే దొంగ పడ్డాడనుకోవడం అలారం ధర్మం. అది ఆవరణ మొత్తం అదిరేటట్లు మోగింది. పక్క బండ్లు చూస్తున్న కుటుంబాలు కూడా వచ్చి చూశాయి. మా అమ్మాయి తన మావయ్య ఫోన్ తీసుకుని పట్టికలో రెండు వరుసలు చేర్చింది: “చైల్డ్ లాక్, బాగా పనిచేస్తుంది. అలారం, చాలా బాగా పనిచేస్తుంది.” ఆ పట్టిక మొత్తంలో ఎవరైనా స్వయంగా పరీక్షించి రాసినవి ఆ రెండు వరుసలే.

ఈ గోల జరుగుతుండగా నాన్నగారు జేబులోంచి ఒక పురికొస తీసి నిశ్శబ్దంగా రెండు బండ్ల వెడల్పూ చూసుకున్నారు. మా గేటు వెడల్పుకు సరిగ్గా తెంపి తెచ్చిన పురికొస అది. బ్రోచర్లలో వెడల్పును సాధారణంగా పక్క అద్దాలను మినహాయించి రాస్తారు. బండి మాత్రం అద్దాలతో సహా గేటులో దూరవలసి ఉంటుంది. నీలిబండి అద్దం చివర నుంచి అద్దం చివరకు పురికొస పట్టగా రెండు వైపులా రెండేసి వేళ్ళ వెడల్పు మిగిలింది. తెల్లబండికి పట్టగా పురికొసే చాలలేదు. వెడల్పు గడిలో తెల్లబండికి ఉన్నది, చెప్పనవసరం లేదు, ఆకుపచ్చే.

నీలిబండి కొన్నాము. కొన్న బండికి ఇన్ని ఎర్ర గడులుండడం శుభం కాదని బావమరిది ఆ రాత్రే పట్టికను సవరించాడు. తోకలు తిరిగి చేర్చడం పెద్ద పని కనుక సూత్రాన్నే తిరగవేసి, చిన్న అంకెకు ఆకుపచ్చ, పెద్ద అంకెకు ఎరుపు వచ్చేటట్లు చేశాడు. నీలిబండి వరుస ఒక్క నొక్కుతో పచ్చబడింది. ఆ ఆనందంలో పట్టికను బండి కొనే ప్రయత్నంలో ఉన్న స్నేహితులందరికీ పంపాడు. మొన్న వారిలో ఒకడు నాకు ఫోన్ చేసి, “సార్, ఎయిర్‌బ్యాగులు ఆరు ఉన్నదానికంటే రెండు ఉన్న బండి, వారంటీ అయిదేళ్ళున్నదానికంటే మూడేళ్ళున్న బండి మంచివట కదా, మీ ఇంట్లో అలాగే చూసి కొన్నారట?” అని వినయంగా అడిగాడు. బండి సంగతి తరువాత చూసుకోవచ్చుననీ, ముందుగా పట్టిక పంపినవాడిని దాని డిక్కీలో కూర్చోబెట్టి తలుపు మూసి చూడమనీ చెప్పాను.