2025.14.3 అనబడే నా కళ్లజోడు

మ్యూజియం మిత్రమండలి సెక్రటరీ అనగానే జనం నేనేదో రిబ్బన్లు కట్ చేసే మనిషిననుకుంటారు. మేం ఏడాది పొడుగునా చేసేది ప్రధానంగా పురుగుల్ని లెక్కపెట్టడం. గోడల వారన జిగురు అట్టలు పెట్టి, నెలకోసారి తీసి, అంటుకున్నది సిల్వర్‌ఫిషా, కార్పెట్ బీటిలా, లేక పాపం దారి తప్పిన మామూలు చీమా అని భూతద్దం పెట్టి చూసి ఫారంలో రాయాలి. అది కాక తేమ మీటర్ల రీడింగులు, పాత బట్టలకి యాసిడ్ లేని టిష్యూ కాగితం మార్చడం, ఫొటోలు స్కాన్ చెయ్యడం, స్కూలు పిల్లల్ని తిప్పడం, చందా కట్టని మెంబర్ల చుట్టూ మనం తిరగడం. పైసా జీతం లేదు. లూవ్ర్ మ్యూజియానికి ఇలాంటి మిత్రుల సంఘం 1897లోనే పుట్టింది, 1975లో ప్రపంచం మొత్తానికీ ఒక సమాఖ్య కూడా వచ్చింది అని నేను ప్రతి ఏటా వార్షిక నివేదిక మొదట్లో చదువుతాను, ప్రతి ఏటా మా కోశాధికారిగారు సరిగ్గా అక్కడే ఆవలిస్తారు.

సరే, అసలు సంగతి. ఏడాది మొదట్లో ఒక కుటుంబం వాళ్లు తమ పెద్దాయన, ఎప్పుడో గుమస్తాగా చేసిన ఆయన, రాతబల్ల సామాను మ్యూజియానికి ఇచ్చారు. సిరాబుడ్డి, కలం స్టాండు, రబ్బరు స్టాంపులు, పేపర్ వెయిట్, ఒక లెడ్జరు. వాటికి నంబర్లు వేసే పని మా మీద పడింది. దానికో పద్ధతుంది, వస్తువు మీద ఎవరికీ కనబడని చోట బీ-72 అనే రెసిన్ పూత ఒకటి పూసి, ఆరాక దాని మీద సన్న నిబ్బుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వెయ్యాలి, రేపెప్పుడైనా అక్కర్లేదనుకుంటే అసిటోన్‌తో తుడిస్తే వస్తువుకేం కాకుండా నంబరు పోతుంది. నేను కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం, అదే లూప్‌తో పని చేస్తూ నా కళ్లజోడు దాని డబ్బాలో పెట్టి బల్ల మీద ఉంచాను. పక్కనే దానం వచ్చిన సామాను ట్రే ఉంది. రెండింటి మధ్యా బెత్తెడు జాగా. ఆ బల్ల మీద అంతకన్నా జాగా లేదని నేను గత కమిటీలోనే మొత్తుకున్నాను, మినిట్స్‌లో కూడా ఉంది, ఎవరూ చదవరు.

కొత్తగా చేరిన ఇంటర్న్ కుర్రాడొకడు ఉన్నాడు, బోలెడు శ్రద్ధ. శ్రద్ధగల వాళ్లతోనే డేంజరు, బద్ధకస్తుడైతే ఆ డబ్బా ముట్టుకునేవాడు కూడా కాదు. డబ్బా లోపల ముఖమల్ అస్తరు ఉంది కాబట్టి పురుగులుండొచ్చని పాలిథిన్‌లో చుట్టి, మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు ఫ్రీజర్లో పెట్టి, బయటికి తీశాక తేమ పట్టకుండా మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకుండా ఆగి, అప్పుడు విప్పి, ఫొటో తీసి, నంబరేశాడు. అంటే నేను ఇంట్లో సోఫా దిండ్లు ఎత్తెత్తి చూస్తూ, 'మ్యూజియంలోనే ఎక్కడో పెట్టి ఉంటారు' అన్న మా ఆవిడ మీద విసుక్కుంటున్న టైంలో, నా కళ్లజోడు మైనస్ 30లో హాయిగా ఉంది. (మా ఆవిడ ఈ వ్యాసం చదవదని నమ్మకం.)

పాత జోడు ఒకటుంటే దాంతో లాగించేశాను. దాని పవర్ ఏనాటిదో, దూరంగా ఉన్న మనుషులు కనబడతారు, అక్షరాలు మాత్రం కనబడవు. టూర్లంటే నాకెలాగూ కంఠతా వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

మే 18 వచ్చింది. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుపుతున్నారు. మా వార్షిక సమావేశం కూడా ఆ రోజే పెట్టుకుంటాం, ఎందుకంటే ఆ రోజు జనం ఎలాగూ వస్తారు, కుర్చీలు నిండినట్టు కనిపిస్తాయి. పొద్దున పిల్లల టూరు, సాయంత్రం నా నివేదిక. ఆ రోజు కోసం మ్యూజియం వాళ్లు 'ఒక గుమస్తా బల్ల' అని కొత్త షోకేసు తెరిచారు. నేను ముందు చూడలేదు. ఎవరూ చూపించలేదు. సెక్రటరీకి చూపించాలన్న రూలేం లేదట.

అందులో పాత సిరా రాతలున్న లెడ్జరు ఉంది కదా, అలాంటి కాగితం వెలిసిపోకుండా ఉండాలంటే వెలుతురు 50 లక్స్ దాటకూడదు, అందుకని అక్కడంతా మునిమాపు వేళలా ఉంది. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించారు. 'అంకుల్, ఇక్కడ రాసింది మీరే చదవండి' అన్నారెవరో. 'మీరు చదివితేనే నేర్చుకుంటారు' అన్నాను. ఈ ఒక్క వాక్యం నన్ను ఎన్ని గండాల నుంచి గట్టెక్కించిందో చెప్పలేను.

రెండు జడల పిల్ల ఒకత్తి గట్టిగా చదివింది. "కళ్లజోడు. 2025.14.3. లోహపు ఫ్రేము. కొనల తొడుగుల మీద లోతైన పంటి గాట్లు."

"అంకుల్, 2025.14.3 అంటే?"

"2025లో వచ్చిన పద్నాలుగో దానం, అందులో మూడో వస్తువు." ఇది తెలిసిన విషయం, గర్వంగా చెప్పాను.

"మరి ఆ గుమస్తా ఎందుకు కొరికేవాడు?"

ఇక్కడ నేను ఊరుకోవాల్సింది. కానీ గైడు అనేవాడి ముందు ప్రశ్న పడితే ఖాళీగా వదిలెయ్యడం ఎక్కడుంది చెప్పండి. మొదలెట్టాను. ఆ రోజుల్లో క్యాలిక్యులేటర్లు లేవమ్మా, పొడుగాటి కూడికలన్నీ చేత్తోనే చెయ్యాలి, ఒక్క అంకె తేడా వస్తే పేజీ మొత్తం మళ్లీ మొదటికి, పై ఆఫీసరు వెనకే నిలబడి చూస్తుంటాడు, ఇంటి దగ్గర బోలెడు బాధ్యతలు, ఆ ఒత్తిడంతా ఎక్కడికి పోవాలి, పళ్ల మీదికి పోయింది. చూడండి, ఎడమ కొన మీద గాట్లు ఎక్కువున్నాయట (ఇది నేను చూసి చెప్పింది కాదు, గొంతులో వచ్చిన ధాటికి దానంతటదే వచ్చేసింది), అంటే కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో కళ్లజోడు తీసి కొరికేవాడన్నమాట, అంటే రాత ఆగేది కాదు, అంటే పని మీద నిష్ఠ ఉంది గానీ మనసులో శాంతి లేదు. ఒక వస్తువుని చదవడమంటే ఇదమ్మా, పుస్తకంలో దొరకని మనిషి పంటి గాటులో దొరుకుతాడు. టీచరుగారు ఫోన్ తీసి రికార్డు చెయ్యడం మొదలెట్టారు, దాంతో నాకు ఇంకా ఊపొచ్చింది. ఇలాంటి మనిషి సాధారణంగా పిరికివాడై ఉంటాడు, ఇంట్లో మాట చెల్లని వాడై ఉంటాడు, వస్తువులు ఎక్కడ పెట్టాడో మర్చిపోయే రకం అయ్యుంటాడు, అని కూడా అన్నాను. ఎందుకన్నానో తెలీదు. పాత్ర పండుతోంది.

రెండు జడల పిల్ల షోకేసు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ షోకేసు వైపు చూసింది.

"అంకుల్, మీరు కూడా ఎడమచేత్తోనే కొరుకుతున్నారు."

నోట్లోంచి పాత కళ్లజోడు తీశాను. పదిహేనుమంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆన్‌లో ఉన్న ఫోను. వంగి అద్దానికి నా ముక్కూ ఆనించాను. కుడి కీలు దగ్గర స్క్రూ పోతే నేను చుట్టిన రాగితీగ, 50 లక్స్‌లో, తళుక్కున మెరిసింది.

'అది నాది' అన్నాను. టీచరుగారు ఎంతో దయగా, 'అవును సార్, మ్యూజియంలో ఉన్నవన్నీ మనందరివీ' అన్నారు.

ఆ తర్వాత, వస్తువుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ మేడమ్ గదిలో జరిగింది మొత్తం చెప్పను, బీపీ. క్లుప్తంగా ఏంటంటే, నంబరు అసిటోన్‌తో తుడిస్తే నిమిషంలో పోతుంది కదండీ అన్నాను. "నంబరు పోతుంది సార్, రికార్డు పోదు" అన్నారావిడ. సాఫ్ట్‌వేర్లో డిలీట్ లేదట. స్టేటస్ దగ్గర నొక్కితే నాలుగు వస్తాయి, ప్రదర్శనలో, స్టోరులో, లోన్ మీద, కనబడుటలేదు. 'యజమాని ముక్కు మీద' అన్నది లేదు. దానపత్రం తీయించాను. అందులో వస్తువుల జాబితా చివర ఆ కుటుంబం వాళ్లు 'వగైరా' అని రాశారు. నా కళ్లజోడు ఆ వగైరాలోకి వస్తుందట.

తీసెయ్యాలంటే డీయాక్సెషన్, అంటే సేకరణలోంచి అధికారికంగా తప్పించడం, చెయ్యాలి, దానికి క్యూరేటర్ నోటు, కమిటీ, ఆ పైన పాలకమండలి. సరే చెయ్యండి, కావాలంటే నేనే కొనుక్కుంటా, అన్నాను కోపంలో. ఆవిడ ఐకామ్, అంటే అంతర్జాతీయ మ్యూజియంల మండలి, వాళ్ల నీతి నియమావళి తెరిచారు. 1986లో ఆమోదించి 2004లో సవరించిన ఆ నియమావళిలో స్పష్టంగా ఉంది, మ్యూజియం సేకరణ నుంచి తీసేసిన వస్తువుల్ని ఆ మ్యూజియం సిబ్బంది గానీ, పాలకమండలి గానీ, వాళ్ల కుటుంబాలు గానీ, దగ్గరివాళ్లు గానీ కొనడానికి వీల్లేదు. "మీరు మిత్రమండలి కదా సార్, దగ్గరివాళ్ల కిందికే వస్తారు." ఇన్నేళ్లుగా పురుగులు లెక్కపెట్టినందుకు నాకు అధికారికంగా దక్కిన మొదటి గుర్తింపు ఇదే.

అదే నియమావళిలో, వస్తువు మీద సరైన హక్కు ఉందని నిర్ధారించుకోకుండా మ్యూజియం దేన్నీ తీసుకోకూడదని కూడా ఉంది, నేనూ చదివాను, ఆ మాటే అన్నాను. "ఋజువు తెచ్చుకోండి" అన్నారు. ఋజువేంటండీ, నా దంతాలున్నాయి, పోల్చి చూసుకోండి, అన్నాను. పక్కనున్న కన్జర్వేటర్, వస్తువులు పాడవకుండా చూసే అతను, నిజంగానే ఆలోచించడం మొదలెట్టాడు.

ఈలోగా సాయంత్రమైపోతోంది, నివేదిక నాలుగు పేజీలు, నాకొక్క అక్షరం కనబడదు. చివరికి మధ్యేమార్గం దొరికింది. మ్యూజియం నా కళ్లజోడుని నాకు లోన్ ఇస్తుంది, సమావేశం అయ్యేవరకు. ఫారం నింపారు. ప్రదర్శన స్థలం: సమావేశ మందిరం. రవాణా విధానం: ట్రేలో, రెండు చేతులతో. కన్జర్వేటర్ నాకు నైట్రైల్ గ్లవ్స్ ఇచ్చాడు, ఇస్తూ 2006లో కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒకాయన షూ లేసు ఊడి మెట్ల మీంచి పడి చైనా చింగ్ వంశం నాటి మూడు కూజాలు పగలగొట్టిన సంగతి గుర్తుచేశాడు. ట్రైనింగ్‌లో ప్రతిసారీ అదే స్లైడు వేస్తాడు. నేను చెప్పుల్లో ఉన్నాను.

ఆరో షరతు మాత్రం ఎవరూ ముందు చూడలేదు. లోన్ తీసుకున్నవారు వస్తువుని దాని అసలు ఉపయోగానికి వాడరాదు. అది మామూలుగా పాత తుపాకులూ వీణల్లాంటి వాటి కోసం పెట్టింది అయ్యుంటుంది. మేడమ్ కాసేపు ఆలోచించి, "పెట్టుకోకండి, మొహానికి కొంచెం ఎడంగా పట్టుకోండి, అప్పుడది వాడకం కాదు" అన్నారు.

అలాగే చదివాను. ఎడమచేత్తో, నీలం గ్లవ్‌తో, కళ్లజోడుని ముక్కుకి బెత్తెడు ముందు గాల్లో పట్టుకుని, కుడిచేత్తో కాగితాలు. పక్కన కన్జర్వేటర్, ఎప్పుడు జారితే అప్పుడు పట్టుకుందామని నా గడ్డం కింద దోసిలి పట్టి నిలబడ్డాడు, దూరం నుంచి చూసేవాళ్లకి నేను వాంతి చేసుకోబోతున్నట్టుందట. గ్లవ్ లోపల చెమటకి వేళ్లు జారిపోయి రెండు పేజీలు కలిసి తిరిగాయి, దాంతో మేం చందాలు పోగేసి కొనిపించిన తేమని అదుపులో ఉంచే సిలికా జెల్ షోకేసు సంగతి, స్కాన్ చేసిన ఫొటోల సంగతి మొత్తం ఎగిరిపోయాయి, పురుగుల లెక్క నుంచి సూటిగా ధన్యవాదాల్లోకి వచ్చేశాను. ఏడాది పొడుగునా ఈ మండలి చేసిందల్లా జిగురు అట్టలు పెట్టడమేనా అని వెనక వరసలో ఎవరో అడిగారు. ఈసారి కోశాధికారిగారు ఆవలించలేదు, కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వి నవ్వి.

అయిపోగానే ట్రే వచ్చింది. అక్కడికక్కడే కండిషన్ రిపోర్టు రాశారు. కుర్రాడు, అదే ఇంటర్న్, టార్చి వేసి చూసి చెప్తున్నాడు, ఆవిడ టైపు చేస్తున్నారు. ఎడమ అద్దం మీద ఊపిరి ఆవిరి మచ్చ, కొత్తది. కుడి కీలు రాగితీగ కొంచెం వంగింది, కొత్తది. బాధ్యత: లోన్ తీసుకున్నవారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను, దేని కింద పెట్టానో నాకు కనబడలేదు.

మరి నా అప్లికేషన్ చూసే కమిటీ ఎప్పుడు మేడమ్ అని అడిగితే, తేదీ నోటీసు బోర్డు మీద పెట్టాం సార్, చదువుకోండి అన్నారు.