మంచం కూకట్‌పల్లిలో, మార్కులు డాలస్‌లో

ఇంటికొచ్చి పెద్దవాళ్లని చూసుకునే సేవల నాణ్యతను ఎలా కొలవాలన్న చిక్కు మా ఇంట్లో తీరిపోయింది. మా పెద్దమ్మ తుంటి విరిగి కూకట్‌పల్లిలో మంచాన ఉంది. అన్నయ్య డాలస్‌లో ఉన్నాడు. మధ్యలో ఒక ఏజెన్సీ. అన్నయ్య యాప్‌లో అయిదు నక్షత్రాలు నొక్కాడు. పెద్దమ్మని ఎవరూ అడగలేదు. డబ్బు కట్టేవాడు కస్టమరు, పెద్దమ్మ పార్సిలు. డెలివరీ ఎలా ఉందని పార్సిల్ని అడుగుతామా?

ఇంగ్లండ్‌లో ఈ ఇంగితం లేదు. అక్కడ కేర్ క్వాలిటీ కమిషన్ అని ఒకటి ఇలాంటి సేవలను తనిఖీ చేసి నాలుగు గ్రేడుల్లో ఒకటి వేస్తుంది. పైగా సేవ పొందుతున్న మనిషితోనే మాట్లాడుతుంది. టైం వేస్టు.

మన దగ్గర ఆధారాలకేం తక్కువ? యాప్‌లో రోజూ బీపీ ఎక్కుతుంది. పంతొమ్మిది రోజులుగా 120/80. అందులో నాలుగు రోజులు మిషన్‌లో బ్యాటరీల్లేవు, అయినా పెద్దమ్మ నిలకడ తప్పలేదు. రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగిలించాలన్న గడి నిండా టిక్కులే. నడుం కింద మాత్రం పుండు పడింది. పాపం, పుండుకి యాప్ చదవడం రాదు.

అసలు పరీక్ష రాత్రి ఎనిమిదిన్నరకి. అన్నయ్యకి అప్పుడు పొద్దున పది. ఎనిమిదింపావుకి పెద్దమ్మకి తల దువ్వి, పౌడరు రాసి, ఉతికిన దుప్పటి పరుస్తారు. ట్యూబ్‌లైటు వెలుగు మొహం మీద పడాలని మంచాన్ని గోడవైపు తిప్పేశారు, కిటికీ వెనక్కి పోయింది. వీడియోలో అన్నయ్య “బాగున్నావామ్మా?” అంటాడు. “బాగానే ఉన్నా నాన్నా” అంటుంది పెద్దమ్మ. ఫోను పట్టుకున్నది కేర్‌టేకర్. కాల్ అయ్యాక మంచినీళ్లివ్వాల్సిందీ ఆవిడే. ఆ మాట పెద్దమ్మకి గుర్తుంటుంది.

ఆ పిల్లని అని లాభం లేదు. యూనిఫాం వేయించడమే ఆమెకిచ్చిన ట్రైనింగు. ఇరవై నాలుగ్గంటల డ్యూటీ, పడక వంటింట్లో చాప మీద. అన్నయ్య ఏజెన్సీకి కట్టేది నెలకి ఇరవై ఎనిమిది వేలు, ఆమె చేతికొచ్చేది పద్నాలుగు. మిగతా సగం నాణ్యత కోసమని ఏజెన్సీవాళ్లు చెప్పారు.

ప్రభుత్వం ఊరుకుందనుకోవద్దు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకి 2007లోనే చట్టం వచ్చింది. ఇంటికొచ్చి సేవ చేసే సంస్థలు కూడా రిజిస్టర్ చేసుకోవాలంటూ 2019లో దానికి సవరణ బిల్లు పెట్టారు. ఆ బిల్లు కూడా మంచాన పడింది. ఎవరూ ఒత్తిగిలించక, 2024లో లోక్‌సభతో పాటే పోయింది. ఇక మిగిలింది పెద్దల హెల్ప్‌లైన్, 14567. చేయొచ్చు, ఫోను పెద్దమ్మ చేతికందే చోట ఉంటే.

మొన్న ఆ పిల్ల పాల పాకెట్టుకి కిందికి వెళ్లినప్పుడు, ఉండబట్టలేక నేనే అడిగాను. “పెద్దమ్మా, నువ్వయితే ఎన్ని చుక్కలిస్తావు?”

“చుక్కలా?” అంది గోడవైపే చూస్తూ. “నన్ను కాస్త ఆ కిటికీ వైపు తిప్పరా, లెక్కపెట్టి చెబుతాను.”