గంజి, గంజాయి, రాజ్యాంగం

పోలీసులు రోడ్డు మీద ఆపి ఫోన్ అడిగితే ఇవ్వాలా వద్దా అని కొందరు కుర్రాళ్లు వాదిస్తుంటారు. ఇందులో వాదనకేముంది? 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికారు కదా, అప్పుడే తేలిపోయింది. మేం ఎవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారు అని పోలీసులు చెప్పారు. నిజమే, నేనూ సహకరించాను. చేతిలో లాఠీ ఉన్న మనిషి "ఫోన్ ఇయ్యి, లాక్ తియ్యి" అంటే సహకరించాలనే కోరిక దానంతటదే పుట్టుకొస్తుంది.

ఆయన సెర్చ్‌లో 'గంజ' అని కొట్టాడు. మా అమ్మ మైకు నొక్కి మెసేజ్‌లు పెడుతుంది, అన్నీ తెలుగులోనే పడతాయి. "గంజి తాగు, కడుపు చల్లబడుతుంది." ఇది సరే. దాని కింద ఇంకోటి: "గంజ్‌లో రెండు కిలోలు తీసుకో, బాగా ఘాటుగా ఉండాలి, మీ బాబాయికి కూడా కావాలట." సార్, అది ఉస్మాన్‌గంజ్ బజారు, ఎండుమిర్చి, ఆవకాయ కాదు గానీ ఏదో పచ్చడికి అని నేను చెబుతుంటే ఆయన నన్ను కాదు, నా బండి డిక్కీని చూస్తున్నాడు.

రాజ్యాంగం 20(3) ప్రకారం నిందితుణ్ణి తనకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. పోలీసు విచారణలోనూ ఇది వర్తిస్తుందని 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నేను నిందితుణ్ణి కాదే! ఏదో ఒక నేరం చేసుంటే ఎంత హాయిగా నోరు మూసుకుని ఉండేవాణ్ణి. పోనీ ఒంటిమీద గంజాయి కోసం వెతకాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో వెతకండి అని అడిగే హక్కు మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 50వ సెక్షన్ ఇచ్చింది. అంటే జేబుకు ఉన్న మర్యాద జేబులోని ఫోన్‌కి లేదన్నమాట. 2017లో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తీర్పు పీడీఎఫ్ నా ఫోన్‌లోనే ఉంది. ఆయన దాన్ని తెరవలేదు. గ్యాలరీకి వెళ్లాడు.

ఇక కార్డన్ సెర్చ్, అంటే బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేయడం, అదంటే నాకు మరీ గౌరవం. ఖరక్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు, నిఘా పేరుతో రాత్రిళ్లు ఇళ్ల మీదికి పోయి తలుపు కొట్టడం చెల్లదంది. మనవాళ్లు కోర్టు మాట జవదాటరు, అందుకే తెల్లవారుజామున వస్తారు. అది రాత్రి కాదు, బ్రాహ్మీ ముహూర్తం. వారెంట్ లేకుండా ఇంట్లో సోదా చేయాలంటే దర్యాప్తు అధికారి కారణం, దేని కోసం వెతుకుతున్నాడో ముందే కాగితం మీద రాయాలి. అప్పట్లో అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 165వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 185. బస్తీలో వందల ఇళ్లుంటే పాపం ఎన్ని కాగితాలని రాస్తారు? అందుకే బస్తీ మొత్తం మీదా ఒకేసారి అనుమానపడితే పని తేలిక. మర్నాడు పేపర్లో ఫొటో కూడా వస్తుంది, పత్రాలు లేని బైకులు వరసగా నిలబెట్టి, వెనక సిబ్బంది. జూబ్లీహిల్స్ గేటెడ్ కమ్యూనిటీలో ఇలాంటి ఫొటో తీసినట్టు నేనెప్పుడూ చూడలేదు. అక్కడ బైకులు తక్కువ కదా, ఫొటో బాగా రాదు.

వాళ్లు హద్దు దాటి సోదా చేశారే అనుకుందాం, దొరికింది చెల్లకుండా పోతుందా? పోదు. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టక్కర్లేదని పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. తాళం పగలగొట్టడం తప్పే, లోపలి సరుకు మాత్రం పనికొస్తుంది.

నా డిక్కీలో రెయిన్‌కోటు, టిఫిన్ బాక్సు తప్ప ఏమీ లేవు. ఫోన్ తిరిగిచ్చి "పో బ్రదర్" అన్నాడు. థాంక్యూ సార్ అని కూడా చెప్పాను, ఎందుకో తెలీదు. ఇంటికొచ్చేసరికి అమ్మ మెసేజ్: "గంజ్‌కి వెళ్లావా?" వెంటనే ఫోన్ చేసి, ఇకనుంచి బజార్ అను, గంజిని జావ అను అని చెప్పాను. "జావ వేరు, గంజి వేరురా" అంది.