రాజధాని ఈ ఏడాది ఏ దీవిలో దిగింది?

మా మేనకోడలు గ్రూప్స్‌కి చదువుతోంది. మొన్న రాత్రి జీకే బుక్కు పట్టుకొచ్చి "మావయ్యా, టోకెలావ్ రాజధాని ఏంటి" అంది. ఆప్షన్లు: అటాఫు, నుకునోను, ఫకాఓఫో, పైవేవీ కావు. వెనకాల కీలో నుకునోను అని ఉంది. ఇంకో బుక్కు తీస్తే ఫకాఓఫో అంటోంది. మూడో బుక్కువాడు ఇంకా ఘనుడు, "ముఖ్య నగరాలు" అని ఒక గడి గీసి మూడు పేర్లూ అందులో పడేశాడు. నగరాలట! ఆ గడి చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించట్లేదు.

2016 జనాభా లెక్కలు చూడండి: అటాఫులో 541, నుకునోనులో 452, ఫకాఓఫోలో 506. మొత్తం 1,499. ఓ మాదిరి పెళ్లి భోజనాలకి వచ్చేంత జనం. మూడూ పసిఫిక్ మధ్యలో పగడపు దిబ్బలు, ఎత్తు అయిదు మీటర్లు దాటదు, అన్నీ కలిపినా పది పన్నెండు చదరపు కిలోమీటర్లు. ఎయిర్‌పోర్టు లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడెక్కితే ఒక రోజు పైనే. అది న్యూజిలాండ్ కింద ఉన్న ప్రాంతం, అక్కడివాళ్లకి న్యూజిలాండ్ పౌరసత్వం కూడా ఉంది. వాళ్లకి లేనిది ఒక్కటే, రాజధాని. ఒక్కో దీవికి ఒక్కో పెద్ద, ఆ ముగ్గురిలో ఏడాదికొకరు "ఊలు ఓ టోకెలావ్", అంటే మొత్తానికి పెద్ద, ఆయన ఏ దీవివాడైతే ఆ ఏడాదికి అదే కేంద్రం. (మూడు చోట్ల రాజధాని అనగానే మనవాళ్లకి ఏం గుర్తొస్తుందో తెలుసు, ఆ గొడవలోకి నన్ను లాగకండి.)

కానీ జీకే బుక్కువాడికి రాజధాని కావాల్సిందే కదా. సరే, తెద్దాం. ఏడాది తిరిగింది, రాజధాని అటాఫు నుంచి మారాలి. ఓడ ఒడ్డుకి రాదు, రేవు లేదు, పగడపు గట్టు బయటే నిలబడుతుంది, సామాన్లూ మనుషులూ చిన్న బార్జిలో అటూ ఇటూ. కాబట్టి రాజధానిని కూడా బార్జిలోనే ఎక్కించాలి, బియ్యం బస్తాల పక్కన, కిరసనాయిలు డ్రమ్ముల మీద, వర్షం పడకుండా టార్పాలిన్ కప్పి. అల పెద్దదొస్తే రాజధానికి వాంతులు. మరీ పెద్దదొస్తే ఓడ దించకుండానే వెళ్లిపోతుంది, అప్పుడు రాజధాని వచ్చే ట్రిప్పు దాకా నీళ్ల మీదే, ఆ వారం పరీక్ష పెడితే కరెక్ట్ ఆన్సర్ "దారిలో ఉంది". ఇంకా తమాషా ఏంటంటే వాళ్ల సర్కారీ ఆఫీసు చాలా ఏళ్లు నడిచింది అపియాలో, అంటే వేరే దేశంలో. ఈ ఆప్షన్ ఏ బుక్కులోనూ లేదు.

అంత పెద్ద నగరమే కావాలనుకుంటే న్యూజిలాండ్‌లో పొరిరువా, లోయర్ హట్ రాసుకోండి. 2018 లెక్కల్లో న్యూజిలాండ్‌లో ఉన్న టోకెలావ్‌వాళ్లు 8,676 మంది, దీవుల్లో ఉన్నవాళ్లకి అయిదు రెట్ల పైనే. 1966లో తుఫాను కొట్టాక సర్కారే స్కీము పెట్టి తరలించింది కొందర్ని. ఇక ఇంటర్నెట్‌లో వాళ్ల జనాభా అడక్కండి, వెబ్‌సైట్ అడ్రస్సుల చివర టోకెలావ్‌కి ఇచ్చిన తోక డాట్ టీకే, ఆ పేర్లు ఊరికే పంచితే ఒకప్పుడు రెండు కోట్లు దాటాయి, వాటిలో బోలెడు మోసాలూ స్పామూ. పదిహేను వందల మంది పేరు మీద రెండు కోట్ల అడ్రస్సులు, ఏ ఊరి పంచాయతీకైనా ఉందా ఈ భాగ్యం.

2007లో స్వపరిపాలన ఓటింగ్ పెడితే 64.4 శాతం సరే అన్నారు, కావాల్సింది మూడింట రెండొంతులు, పదహారు ఓట్లు తక్కువయ్యాయి. న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లకి ఓటే లేదు. పదహారంటే పదహారు. బుక్కువాడికి ఇది "చిన్న విషయం", అందుకే లేదు.

ఇంకొకటి కూడా లేదు. 1863లో పెరూ బానిసల ఓడలొచ్చాయి. మూడు దీవుల్లోంచి దాదాపు 250 మందిని పట్టుకుపోయారు, అప్పటి జనంలో సగానికి దగ్గర, పనిచేయగల మగాళ్లు ముఖ్యంగా, ఎక్కువమంది మళ్లీ ఇల్లు చూడలేదు. ఆ ఓడలవాళ్లకి ముఖ్య పట్టణం ఏదో వెతుక్కునే ఇబ్బంది రాలేదు. తలకాయలు లెక్కపెట్టుకోవడం బాగానే వచ్చింది. ఆ దెబ్బ తిన్న మనుషుల మనవలు ఈ రోజుకీ వల లాగాక చేపలన్నీ ఒడ్డున కుప్పలు పోసి ప్రతి ఇంటికీ వాటా లెక్కేసి పంచుకుంటారు, ఇనాతి అంటారు, వేటకి వెళ్లలేని ముసలామెకి కూడా వాటా ఉంటుంది. మీరు రాసింది ఏంట్రా? "నగరాలు 3". ఒక్కసారి, ఒక్క నిమిషం, ఆ పేజీ రాసేముందు ఎవరైనా చూసుకున్నారా? సిగ్గుండాలి. నాలుగొందల రూపాయలు తీసుకుంటున్నారు బుక్కుకి.

నేనిలా అరుస్తుంటే పిల్ల పెన్ను మూత కొరుకుతూ విని "సరే మావయ్యా, ఇంతకీ ఏది టిక్కు పెట్టాలి, నెగటివ్ మార్కులున్నాయి" అంది.

"ఎగ్జామ్ ఏ ఏడాదో చెప్పు, చెప్తా."

"నోటిఫికేషన్ ఇంకా రాలేదు."