డాష్‌బోర్డ్ గారూ, నీళ్ళు రావట్లేదండీ

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ లాబీ టీవీలో ట్యాంకు నీళ్ళ లెక్క చూపిస్తూ వెలిగిపోతున్న వాటర్ డాష్‌బోర్డ్ గారికి, మూడో ఫ్లోర్ నుంచి తలకి షాంపూ పట్టించుకుని సగంలో ఆగిపోయినవాడు రాస్తున్నది.

పొద్దున 7కి కుళాయి ఓసారి దగ్గింది, గాలి వదిలింది, అంతే. టవల్ చుట్టుకుని కిందకొచ్చి మీ ముఖం చూస్తే ఏడాది గ్రాఫు, పచ్చటి గీత, 'ట్యాంకు సగటున 62 శాతం'. అందులో నా వాటా ఒక్క మగ్గు ఇప్పించండి సార్, కడుక్కుని పోతా.

ఇక మీరు గీరు వద్దులే. నీ సెన్సర్ సెకనుకో రీడింగ్ తీస్తుంది, అంటే రోజుకి 86,400, ఏడాదికి 3 కోట్ల 15 లక్షల పైచిలుకు, బానే ఉంది, కానీ నీ టీవీ అడ్డంగా ఉన్నదే 1920 పిక్సెళ్ళు కదా, లెక్కేసి చూడు, ఒక్కో పిక్సెల్లో నాలుగున్నర గంటలు కుక్కావు! పొద్దున ట్యాంకు ఎండిపోయే ఆ గంటన్నర, మిగతా మూడు గంటల నీళ్ళలో నానిపోయి యాభై దగ్గర తేలింది. ఒక్కో పిక్సెల్‌కి సగటు ఒక్కటే కాకుండా అతి తక్కువ, అతి ఎక్కువ కూడా గీసుంటే ఎంత దూరం నుంచి చూసినా ఆ సున్నా కనపడేది.

జూమ్ ఉంది కదా అంటావ్. ఉంది. ఒక్క రోజుకి జూమ్ చేస్తే పిక్సెల్‌కి 45 సెకన్లే, అంతా బయటపడుతుంది, కాకపోతే నొక్కిన ప్రతిసారీ కోట్ల రీడింగులు మొదట్నుంచీ చదువుతూ చక్రం తిప్పుతూ కూర్చుంటావ్, ఈలోపు టాంకర్ వచ్చి వెళ్ళిపోతుంది కూడా. ఫోన్‌లో మ్యాపు చూడు, సున్నా లెవెల్‌లో ప్రపంచం మొత్తం 256 పిక్సెళ్ళ చదరం ఒక్కటే, ఒక్కో మెట్టు దిగితే ఒక్కోటీ నాలుగవుతుంది, ఎక్కువ భాగం ముందే వండి పెట్టుకుంటారు. అలాగే నిమిషానికో లెక్క, గంటకో లెక్క, రోజుకో లెక్క ముందే కట్టి పెట్టుకోవడానికి నీకేం రోగం? ముందు మొత్తం చూపించు, తర్వాత జూమ్, అడిగితే వివరాలు అని, తెర మీద సమాచారం ఎలా చూపించాలో పరిశోధించిన బెన్ ష్నైడర్‌మన్ 1996లోనే రాశాడు, నువ్వు మొదటి ముక్క చదివి పుస్తకం మూసేసినట్టున్నావ్.

మొన్న మీటింగులో ఇంకో టాంకర్ కావాలని మేం అడిగితే సెక్రటరీ గారు నీవైపు చెయ్యి చూపించి 'డేటా ప్రకారం ప్రాబ్లం లేదు సార్' అన్నారు. పదిమందీ తలూపారు, నాతో సహా (ఆ పాపమే ఈ షాంపూ).

మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. నిన్న సాయంత్రం టెర్రస్ ఎక్కి, నల్ల ట్యాంకుని పైనుంచి కిందదాకా వేళ్ళతో కొట్టుకుంటూ వచ్చి, శబ్దం మారిన చోట ఆగి, 'ఇక్కడికే ఉన్నాయి రా, పొద్దునకి రావు' అంది. నేను నీ ఫొటో చూపించి నవ్వాను. ఆవిడ ఏం మాట్లాడకుండా బకెట్లు, బిందె, ఆఖరికి ఇడ్లీ గిన్నె కూడా నింపి పెట్టుకుంది. ఇందాక ఆ ఇడ్లీ గిన్నె నీళ్ళతోనే తల కడుక్కున్నా, బకెట్లు మాత్రం ముట్టుకోనివ్వలేదు.