నటుడికి హెడ్ వెయిట్ ఎక్కించేది ఎవరు?

చెన్నైలో సినిమావాళ్లుండే సాలిగ్రామం, వడపళని వైపు టీకొట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒక నటుడి గురించి "వాడికి హెడ్ వెయిట్ అండీ" అనే మాట చెవిన పడుతుంది. అనేవాళ్లలో సగం మంది నిన్నటిదాకా అతనికి గొడుగు పట్టినవాళ్లే! నన్నడిగితే సెట్టే ఆ అహాన్ని పనిగట్టుకుని పెంచుతుంది. క్యారవాన్, టచప్ అసిస్టెంటు, "షాట్ రెడీ సార్"... సీన్ బాగా రాలేదని మొహం మీద చెప్పే మనిషి మాత్రం ఉండడు. షెడ్యూల్ ముగిసిన మర్నాడు ఇవేవీ ఉండవు, ఫోనూ మోగదు.

వడ్రంగి చేసిన కుర్చీ నచ్చలేదంటే చెక్క మీదో కొలత మీదో నెట్టేయొచ్చు. నటుడు అమ్ముకునేది తన మొహం, గొంతు, నడక కాబట్టి ఆడిషన్‌లో వద్దంటే మనిషినే వద్దన్నట్టు ఉంటుంది. నిజానికి హీరోయిన్ పక్కన ఎత్తు కుదరలేదేమో, ఆ పాత్రే స్క్రిప్టులోంచి లేచిపోయిందేమో, కానీ ఆ సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అప్పుడు "నేను పనికిరాను" అని కుంగిపోవడమో, "వీళ్లకి నటనేం తెలుసు" అని ఎగిరిపడటమో జరుగుతుంది, రెండిటికీ మూలం ఒకటే. అందుకే అహం వదిలేయమనే సలహా నాకు నచ్చదు. వందమంది చూస్తుండగా ఏడవాలంటే కొంత అహం ఉండాల్సిందే.

ఇందులో డబ్బు సంగతి మనం తక్కువ మాట్లాడతాం. 1946లో ‘త్యాగయ్య’ తీసి అందులో తానే నటించిన చిత్తూరు నాగయ్య, 1965లో పద్మశ్రీ అందుకుని కూడా, చివరికి ఆర్థిక ఇబ్బందుల్లోనే 1973లో ఈ ఊళ్లో కన్నుమూశారు. పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. ఆయన దానగుణం గురించి అందరూ చెబుతారు, నాకు మాత్రం వేరేది గుర్తొస్తుంది. హీరో వేషాల నుంచి తండ్రి వేషాలకు రావడంలో చిన్నతనమేమీ లేదు, ఇంటద్దె కోసం ఏదొస్తే అది ఒప్పుకోవాల్సి రావడమే మనిషిని కోసేస్తుంది. ఆ గతి రాకుండా పక్కన డబ్బింగ్ చెప్పుకున్నా, లెక్కలు రాసుకున్నా తప్పులేదు. విజయ్ సేతుపతి కూత్తుపట్టరై నాటక బృందంలో అకౌంటెంట్‌గా పనిచేసినవాడే కదా.

దీపికా పదుకొనే 2015లో తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పి, బెంగళూరులో ఫౌండేషన్ పెట్టాక ఈ విషయం మాట్లాడటం కాస్త తేలికైంది. కాకపోతే ఆమె స్థాయి వేరు. రోజు పేమెంట్ మీద బతికే క్యారెక్టర్ ఆర్టిస్టు అదే మాట అంటే "మనకెందుకొచ్చిన రిస్క్" అని కో-డైరెక్టర్ లిస్టులో పేరు కొట్టేయడని గ్యారంటీ లేదు. అలాంటివాళ్లకి ముందు అక్కరకొచ్చేది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇక 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, కౌన్సెలింగ్ ఫీజు ఇవ్వవు. ఆర్టిస్టుల సంఘాలు గ్రూప్ పాలసీ మాట్లాడుకునేటప్పుడు పట్టుబట్టాల్సింది ఆ ఫీజు కోసమే.