అమ్మ చిల్లర, అత్త లెక్క

మాది పర్లాకిమిడి. కాగితాల్లో ఒడిశా, గజపతి జిల్లా. 1936లో గీత గీసి అటు కలిపారు గానీ, మా ఇంట్లో గీతకు ముందూ తెలుగే, తర్వాతా తెలుగే. మా మేనత్తది బరంపురం. అక్కడ ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తుంది. మొన్న వేసవిలో నాలుగు రోజులు ఉందామని వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ తీసుకుని ఛార్జర్‌ని గోడకే వదిలేసింది. అమ్మ వచ్చి ఛార్జర్ పీకి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అననందుకే అత్తకి ఒళ్లు మండింది.

నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, తీర్పు చెప్పమని. ఈ ఇద్దరి మధ్య తీర్పు చెప్పి నేనెక్కడ తినాలి? విన్నది రాస్తున్నాను.

అత్త: వదినా, ఆ ఛార్జర్ ఏడాదంతా అలాగే ఉన్నా యూనిట్ అటూ ఇటూ కాలుతుంది. ఏడాదికి! అయిదు రూపాయలు. దాని కోసం నువ్వు పడుకున్నదానివి లేచొచ్చావు.

అమ్మ: అయిదు రూపాయలు రోడ్డు మీద కనపడితే వంగి తీసుకోవా?

అత్త: తీసుకుంటా. కానీ ఆ టీవీ కింద చూడు, సెట్‌టాప్ బాక్స్ ఎర్ర లైటు. అది పగలూ రాత్రీ ఎనిమిది పది వాట్లు లాగుతూనే ఉంటుంది. నెలకు ఏడు యూనిట్లు. నువ్వు టీవీని రిమోట్‌తో కట్టేసి, కట్టేశాననుకుంటున్నావు.

(అమ్మ లేచి వెళ్లి ఆ స్విచ్ కూడా కట్టేసింది. ఓడిపోయినట్టు కాదు, ఇంకో ముప్పై రూపాయలు దొరికినట్టు.)

అమ్మ: చెప్పావు, బాగుంది. ఇంకేమైనా ఉన్నాయా?

అత్త: ఫ్యాన్లు. ఈ మూడూ పాతవి, ఒక్కోటి డెబ్భై అయిదు వాట్లు. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు ముప్పైకి అటూ ఇటూ తింటాయి. వేసవిలో రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే మూడింటికీ కలిపి నెలకు యాభై అయిదు యూనిట్ల పైనే మిగులుతాయి. పైగా మనకి రెండు వందల యూనిట్లు దాటితే రేటు మారిపోతుంది. ఆ మిగిలేది పై రేటులోంచి మిగులుతుంది.

అమ్మ: ఒక్కోటి ఎంత?

అత్త: రెండున్నర, మూడు వేలు.

అమ్మ: మూడు ఫ్యాన్లకీ ఎనిమిది తొమ్మిది వేలు. ఎవరిస్తారు? మీ అన్నయ్యని అడుగు. నేను అడిగి రెండేళ్లయింది. ‘తిరుగుతున్న ఫ్యాన్ మారుస్తారా ఎవరైనా’ అన్నారు.

అత్త: అదే నేనంటున్నది. పెద్ద ఖర్చుని పట్టించుకోకుండా చిల్లరకి కాపలా కాస్తున్నారు ఈ ఇంట్లో.

అమ్మ: చిల్లర అంటున్నావు. ఇలా రా, ఈ క్యాలెండర్ చూడు. ప్రతి గ్యాస్ బండ పెట్టిన రోజున సున్నా చుట్టాను. కిందటేడు బండ ముప్పై ఎనిమిది రోజులు వచ్చేది. ఇప్పుడు నలభై ఏడు. ఏం చేశాననుకున్నావు? కందిపప్పు అరగంట ముందు నానబెడతాను. మొదటి విజిల్ రాగానే మంట తగ్గిస్తాను. పప్పు, అన్నం, వంకాయ ఒకే కుక్కర్లో గిన్నె మీద గిన్నె. బండ తొమ్మిది వందలనుకో, నెలకు నూట ముప్పై పైన మిగిలినట్టా కాదా? నువ్వే కదా లెక్కలు రాసేదానివి.

అత్త: (వేళ్ల మీద లెక్కేసి) నూట ముప్పై ఆరు.

అమ్మ: ఇంక చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మూత పెడితే పొద్దున్న పొయ్యి ముట్టించే పనే లేదు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇంత వడియాల పొడి. మీ ఊళ్లో మార్చి 20న పొఖాళొ దిబొసొ, అంటే చద్దన్నం రోజు అని ఫోటోలు పెట్టుకుని తింటారటగా. నేను ఏప్రిల్, మే రెండు నెలలూ చేస్తాను ఆ పండగ.

అత్త: చద్దన్నానికి నేనెప్పుడు అడ్డొచ్చాను? మా హోటళ్లలో అదే గిన్నెలో పోసి, పక్కన చేప ముక్క పెట్టి ఎంత గుంజుతున్నారో తెలుసా.

అమ్మ: మీ వాళ్లకి కంట్రోలు బియ్యం వస్తాయి కదా, ఏం చేస్తున్నారు?

అత్త: పనమ్మాయికి ఇచ్చేస్తున్నాం. ఆ ఉసునా బియ్యం ఎవరు తింటారు?

అమ్మ: అన్నంగా వద్దులే. కడిగి ఎండబెట్టి మిల్లులో రవ్వ పట్టించు. ఇడ్లీ రవ్వ అంటే ఉప్పుడు బియ్యమే కదా! మనిషికి నెలకు అయిదు కిలోలు, 2023 నుంచి కిలోకి ఆ రూపాయి కూడా తీసుకోవడం లేదు. అవి వదిలేసి కొట్లో ప్యాకెట్ రవ్వ కొంటున్నావు, నువ్వు నాకు పొదుపు చెబుతున్నావు.

(ఇక్కడ అత్తకి జవాబు లేదు. నాకు మాత్రం అనిపించింది, ఆ ఇచ్చేసిన బియ్యం పనమ్మాయి ఇంట్లో ఉడుకుతున్నాయి కదా, అది నష్టమెలా అవుతుందని. జడ్జీ మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి ఊరుకున్నాను.)

అత్త: సరే, అది నీది. కానీ సబ్బులకి బోర్డరు దాటి ఆంధ్రాలో పాతపట్నం వెళతావేంటి? ఆటోకి రానూపోనూ నలభై. సబ్బు మీద రేటు అక్కడా అదే, ఇక్కడా అదే. ఒకప్పుడు ఆంధ్రా పన్ను వేరు, ఒడిశా పన్ను వేరు, బోర్డరు దాటితే కలిసొచ్చేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ సరదా తీరిపోయింది. ఇప్పుడు తేడా కొట్టొచ్చినట్టు ఉన్నది పెట్రోలుకి, అదీ మనవైపే చవక. వాళ్లు ట్యాంకు నింపుకోవడానికి ఇటొస్తుంటే నువ్వు సబ్బులకి అటు పోతున్నావు!

అమ్మ: సబ్బులకి వెళతానా? బియ్యానికి వెళతాను. సబ్బు దారిలో కొంటాను. మీ అన్నయ్యకి సోనామసూరి తప్ప ముద్ద దిగదు. నీకు జీఎస్టీ అంత తెలుసు కదా, బస్తా ఇప్పుడు ఇరవై ఆరు కిలోలు ఎందుకుంటోందో చెప్పు.

అత్త: ఇరవై ఆరా? పాతిక కదా.

అమ్మ: పాతిక దాకా ప్యాక్ చేసి పేరేసి అమ్మితే 2022 నుంచి అయిదు శాతం పన్ను. అందుకని మిల్లు వాళ్లు ఇంకో కిలో పోసి కుట్టేస్తున్నారు. కొట్టాయన చెప్పాడు. అప్పటినుంచి చిన్న సంచి ముట్టుకోలేదు నేను.

(లెక్కలు రాసే అత్తకి తెలియనిది, లెక్కల పుస్తకమే లేని అమ్మకి తెలుసు. అత్త మొహం చూడాల్సింది. కానీ కొట్టు వదలకుండా ఏడేళ్లు పనిచేసిన మనిషి, అంత తేలిగ్గా లేవదు.)

అత్త: బాగుంది వదినా. గ్యాసులో నూట ముప్పై ఆరు. కరెంటులో యాభై అనుకుందాం. బియ్యంలో ఇంకో వంద. మొత్తం దగ్గర దగ్గర మూడు వందలు. ఇప్పుడు ఒక్క మాటకి నిజం చెప్పు. అన్నయ్య ఫైనాన్స్ ఆయన దగ్గర తెచ్చినది ఎంత?

అమ్మ: ...అరవై.

అత్త: అరవై వేలు. వడ్డీ?

అమ్మ: మూడు రూపాయలు.

అత్త: నూటికి నెలకు మూడు. అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. నెలకు పద్దెనిమిది వందలు. ఎన్నాళ్లయింది?

అమ్మ: రెండేళ్లు.

అత్త: నలభై మూడు వేల రెండు వందలు కట్టారు. అసలు అసలుగానే ఉంది. వదినా, నువ్వు నెలంతా మంట తగ్గించి, చద్దన్నం తిని, ఎండలో ఆటో ఎక్కి దిగి మూడు వందలు ఈ చేత్తో తెస్తుంటే, ఆరింతలు ఆ చేత్తో పోతోంది. పప్పు నానబెట్టడం మంచిదే, నేను కాదనను. ముందు కుండకి చిల్లు చూసుకోవాలి కదా?

(నేను తీర్పు అప్పుడే రాసేసుకున్నాను మనసులో. అత్త గెలిచింది. తొందరపడ్డాను.)

అమ్మ: చిల్లు నాకు కనపడలేదనుకున్నావా? ఆ మూడు వందలే నా చేతిలో ఉన్నది. పొయ్యి నాది, స్విచ్చి నాది, బియ్యం డబ్బా నాది. అప్పు మీ అన్నయ్యది. నన్నడిగి తేలేదు, నన్నడిగి కట్టడం లేదు. నా చేతిలో ఉన్నదాన్నే కదా నేను పొదుపు చేయగలిగేది. వీడికి జ్వరమొచ్చి రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి పరిగెత్తినప్పుడు ఆటోకీ మందులకీ పోపుల డబ్బాలోంచే తీశాను. అప్పుడెవరూ చిల్లర అనలేదు.

అత్త: నేను నిన్ను తప్పు పట్టడం లేదు. అన్నయ్యని నిలదీయొద్దా? ఎందుకు తెచ్చాడట అంత అప్పు?

అమ్మ: వదిలెయ్.

అత్త: బండి కోసమా?

అమ్మ: వదిలెయ్ అన్నానా.

అత్త: చెప్పకపోతే సాయంత్రం అన్నయ్యనే అడుగుతా.

అమ్మ: మీ పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మేనమామ తరఫున తులం గొలుసు పెట్టాం కదా. అదీ.

చాలాసేపు ఫ్యాన్ చప్పుడే వినపడింది. పాత ఫ్యాన్లు చప్పుడు కూడా ఎక్కువే చేస్తాయి. అత్త పవిట చెంగుతో మొహం తుడుచుకుంది, చెమటకో మరి దేనికో.

అత్త: నాకెందుకు చెప్పలేదు?

అమ్మ: పెట్టేవాళ్లు చెప్పుకుంటారా?

అత్త: ఆ గొలుసు మా బీరువాలో ఊరికే ఉంది. బ్యాంకులో పెడతాను. బంగారం విలువలో పెద్ద వాటా అప్పుగా ఇస్తారు. అప్పటికీ ఇప్పటికీ బంగారం ఎక్కడికి పోయిందో చూశావుగా, అరవై వేలు సులువుగా వస్తాయి. వడ్డీ రూపాయి లోపే, ముప్పావలా అనుకో, నెలకు నాలుగు వందల యాభై. ఆ ఫైనాన్స్ ఆయన మొహాన అరవై కొట్టేసి నోటు వెనక్కి తెచ్చుకోండి. నెలకు పదమూడు వందల యాభై మిగులుతుంది. మిగిలింది అసలుకి కట్టండి.

అమ్మ: ఆడపిల్లకి పెట్టింది మళ్లీ మేం వాడుకోవడమా? మీ అత్తగారింట్లో తెలిస్తే?

అత్త: లోను నా పేరున ఉంటుంది. మీరు నాకు కడతారు. తెలిస్తే తెలియనీ, పద్దెనిమిది వందలు వాళ్లు కడతారా?

అమ్మ: నువ్వు లెక్క మాట్లాడుతున్నావు. నేను గొలుసు మాట్లాడుతున్నాను.

అత్త: గొలుసుకి ఏమవుతుంది వదినా? బ్యాంకు లాకర్‌లో మా బీరువాలోకంటే భద్రంగా ఉంటుంది.

అమ్మ ఏదో అనబోయింది. బయట గేటు దగ్గర నాన్న స్కూటర్ ఆగింది. ఇద్దరూ నా వైపు చూశారు, నేనేదో ఇప్పుడే నోరు జారతానన్నట్టు.

అమ్మ: (చిన్నగా) ముందు కాళ్లు కడుక్కోనీ. అన్నం తిననీ. తర్వాత నువ్వే అడుగు. నేను అడిగితే ఫ్యాన్ సంగతే అవుతుంది.

అత్త లేచి కంచాలు పెట్టింది. అమ్మ వంటింట్లోకి వెళుతూ, పైన తిరుగుతున్న రెండో ఫ్యాన్ వైపు చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసింది.